మట్టి పాదాలతో ఓరుగల్లుకు

శుక్రవారం

మా డిగ్రీ కళాశాల వెనుక, సైకిళ్ల షెడ్డుకూ ప్రహరీ గోడకూ మధ్య ఉన్న కబడ్డీ కోర్టు మట్టిది. సాయంత్రం తరగతులు ముగిశాక మేమే రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన మట్టిలో ఇసుక కలిపి పరిచి, దుమ్ము లేవకుండా బిందెలతో నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసుకుంటాము. ఆ తడి మట్టిలో బొటనవేలు గుచ్చి నిలబడితే ఒంటి బరువంతా ఎక్కడ ఆనాలో కాలికే తెలుస్తుంది. మూడేళ్లుగా నేను ఆ కోర్టులో ఎడమ మూలన, అంటే లెఫ్ట్ కార్నర్‌లో ఆడుతున్నాను. ఎదుటి జట్టు నుంచి కూత పెడుతూ మా కోర్టులోకి వచ్చే రైడర్ చీలమండను ఒడిసి పట్టడం నా పని.

జనవరి చివరి శని, ఆదివారాల్లో హనుమకొండలో జరిగే మహిళల అంతర కళాశాలల పోటీకి మా జట్టుకు పిలుపు వచ్చిందని మా వ్యాయామ అధ్యాపకుడు పి.డి. సార్ చెప్పిన రోజున మా సంతోషానికి అంతు లేదు. రెండు రోజుల తరువాత చేతికందిన నియమావళిలో మాత్రం మ్యాచ్‌లన్నీ మ్యాట్ మీదనే జరుగుతాయనీ, బూట్లు తప్పనిసరి అనీ రాసి ఉంది. మా పన్నెండు మందిలో అంతకుముందు మ్యాట్ మీద ఆడినవారు ఇద్దరే. పి.డి. సార్ కాకినాడలో తనకు తెలిసిన శిక్షకులను అడిగి తొమ్మిది జతల బూట్లు సంపాదించారు. కోర్టులో ఒకేసారి ఉండేది ఏడుగురే కాబట్టి తొమ్మిది జతలు చాలుననుకున్నాము. పాదాల కొలతలు ఆ లెక్కకు లొంగలేదు. నాకు వచ్చిన జత కొంచెం పెద్దది కావడంతో వేళ్ల దగ్గర దూది కుక్కి, రెండు జతల సాక్సులు తొడుక్కుని చూసుకున్నాను.

ఆడపిల్లలను రాష్ట్రం దాటించి రాత్రులు బయట ఉంచాలంటే తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం కావాలి, జట్టు వెంట ఒక అధ్యాపకురాలు ఉండాలి. మా తెలుగు మేడం తానే వస్తానని చెప్పడంతో సగం ఇళ్లలో అభ్యంతరాలు తీరిపోయాయి. మా నాన్న కౌలు రైతు. సంక్రాంతి రాత్రుల్లో ఊరి చివర లైట్లు కట్టి ఆడించే చెడుగుడు పోటీల్లో ఆయన ఒకప్పుడు పేరున్న ఆటగాడు. పత్రాన్ని రెండుసార్లు చదివి, "మ్యాట్ అంటే ఒరుసుకుపోద్దంటారు, మోకాళ్లు జాగర్తమ్మా" అని మాత్రం అని సంతకం చేశారు. ఆటకు వెళ్లనిచ్చే ఇంట్లో పుట్టడం ఎంత అదృష్టమో, పత్రం మీద సంతకం దొరకక ఆగిపోయిన మా రైట్ కార్నర్‌ను చూశాక నాకు తెలిసింది. ఆమె స్థానంలో మొదటి సంవత్సరం అమ్మాయిని తీసుకున్నాము.

సామర్లకోటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి రాత్రి ఏడు దాటింది. సీట్లు రెండు పెట్టెల్లో చెదిరి ఉంటే, తోటి ప్రయాణికులను బతిమాలి మార్చుకుని అందరం ఒక్కచోటికి చేరాము. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, అరటిపళ్లు, వీటన్నిటికీ మించి రెండు కిలోల కాకినాడ గొట్టం కాజా మా సంచుల్లో ఉన్నాయి. కాజా పొట్లం మాత్రం పోటీ ముగిసేదాకా విప్పకూడదని కెప్టెన్ ఆజ్ఞ. సీనియర్ మహిళల కబడ్డీలో బరువు 75 కిలోలకు మించకూడదు. మాలో ఎవరికీ ఆ గీత దగ్గరికి వెళ్లే ప్రమాదం లేకపోయినా, ఆమె మాటను ఎవరూ దాటలేదు.

రాజమండ్రి దాటాక గోదావరి వచ్చింది. ఆ రాత్రి మా బండి 1997లో రాకపోకలు మొదలైన ఆర్చి వంతెన మీదుగా వెళ్లింది. ఒక్కో కాంక్రీటు వంపు కిటికీ పక్కగా లేచి, తలమీదికి వంగి, వెనక్కి జారిపోతుంటే కింద నీళ్లమీద దూరపు దీపాలు ముక్కలు ముక్కలుగా కనిపించాయి. ఎడమ పక్కన, కుడి పక్కన ఎవరికి దొరికిన కిటికీ దగ్గర వాళ్లం చేరి, తలా ఒక రూపాయి నదిలోకి వదిలాము. మొదటిసారి గోదావరి దాటుతున్న మా కొత్త రైట్ కార్నర్ దండం పెట్టుకుని, "ఏం కోరుకోవాలక్కా?" అని అడిగింది. ఎవరికీ దెబ్బలు తగలకూడదని కోరుకోమన్నాను.

నిద్ర పట్టని మాకు పి.డి. సార్ ఆసియా క్రీడల సంగతులు చెప్పారు. పురుషుల కబడ్డీ 1990లో బీజింగ్‌లోనే పతకాల పోటీ అయింది. మహిళల కబడ్డీ ఆ వేదిక ఎక్కడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2010లో గ్వాంగ్‌జౌలో మన అమ్మాయిలు తొలి స్వర్ణం గెలిచారు, 2014లో నిలబెట్టుకున్నారు, 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో ఓడి రజతంతో వచ్చారు. ఆ ఇరవై ఏళ్లలో ఆడే వయసు దాటిపోయిన వారి గురించి ఎవరు రాశారని మా మేడం అడిగారు. సార్ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మటుకు ఖమ్మం దాటేవరకూ నాతోనే ఉంది.

శనివారం

వరంగల్ స్టేషన్‌లో దిగేసరికి తెల్లవారుజామున రెండు దాటింది. మా తీరపు ఊళ్లలో జనవరి చలి దుప్పటితో ఆగిపోతుంది. ఇక్కడి చలి ప్లాట్‌ఫారం సిమెంటులోంచి చెప్పుల్లోకి ఎక్కింది. నిర్వాహకులు పంపుతామన్న వాహనం రాలేదు, ఫోను ఎవరూ ఎత్తలేదు. ఆటోలు దొరుకుతున్నా, ఆ వేళప్పుడు పన్నెండు మంది ఆడపిల్లలను నాలుగు ఆటోల్లో విడదీసి తెలియని దారుల్లో పంపడానికి సార్ ఒప్పుకోలేదు. మహిళల వేచివుండు గదిలో సంచులు మధ్యలో పెట్టి చుట్టూ కూర్చున్నాము. మేడం కునుకు తీయకుండా తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని ఉండిపోయారు.

మాలో ఒక అమ్మాయికి ఆ రాత్రే నెలసరి మొదలైంది. గదిలోని మరుగుదొడ్డికి గొళ్లెం లేదు, కుళాయిలో నీళ్లు లేవు. ఇద్దరం బయట చున్నీ అడ్డం పట్టుకుని నిలబడితే, ఇంకొకతె సీసాలతో నీళ్లు మోసింది. పోటీల గురించి రాసేటప్పుడు ఇటువంటి సంగతులను విడిచిపెట్టడం అలవాటు. కానీ ఆ అమ్మాయి మరో ఏడు గంటల్లో బరిలో దిగి ఆడింది కాబట్టి, ఆ రాత్రి కూడా ఆ ఆటలో భాగమేనని నేను అనుకుంటున్నాను. ఆడపిల్లల జట్లను పిలిచే ప్రతి నిర్వాహకుడూ స్కోరు బోర్డు కంటే ముందు మరుగుదొడ్డి గొళ్లెం చూసుకోవాలి.

తెల్లవారాక హనుమకొండ చేరి, మాకు కేటాయించిన తరగతి గదిలో సామాను దించి, ఇడ్లీ తిని, బరువు చూపించుకుని, డ్రాకు హాజరయ్యాము. పన్నెండు జట్లను మూడేసి చొప్పున నాలుగు పూల్స్‌గా విడదీశారు. ప్రతి పూల్‌లోనూ మొదటి ఇద్దరికి క్వార్టర్ ఫైనల్. మా పూల్‌లో ఒకటి హైదరాబాద్ జట్టు. వాళ్లు ఒకేరకం మోకాలి పట్టీలతో, పాదానికి అతికినట్టున్న బూట్లతో వరుసగా నిలబడి కాళ్లు సాగదీసుకుంటుంటే మేము దూది సర్దుకుంటున్నాము.

మ్యాట్ గురించి చెప్పాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నురుగు పలకలను పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి దిగేట్టు బిగిస్తారు. మహిళల కోర్టు కొలతల్లో మార్పేమీ లేదు: 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, మధ్య గీత నుంచి రైడర్ దాటి రావలసిన బాక్ గీతకు 3 మీటర్లు, అక్కడి నుంచి మరో మీటరు దూరాన, దాటితే అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత. మారేదల్లా అడుగు. మట్టి మీద కాలు కొంత జారి ఆగుతుంది. ఆ జారడాన్ని లెక్కలోకి తీసుకునే మేము దూకుతాము. మ్యాట్ మీద రబ్బరు అడుగు జారకుండా పట్టేస్తుంది, కాలు ఆగిపోయి పైశరీరం ముందుకు పోతుంది. మట్టిలో మూడు అడుగుల్లో దిశ మార్చే రైడర్ మ్యాట్ మీద ఒక్క అడుగులో మారుస్తుంది. మ్యాచ్‌కు ముందు మాకు దొరికిన పది నిమిషాల్లో ఇదంతా మెదడుకు అర్థమైంది. కాళ్లకు అందలేదు.

హైదరాబాద్ జట్టుతో మొదటి మ్యాచ్ 17–41తో ఓడిపోయాము. పదిహేనేసి నిమిషాల రెండు అర్ధభాగాల్లో మూడుసార్లు మా జట్టు మొత్తం అవుటై లోనా ఇచ్చుకున్నాము, అంటే అందులో ఆరు పాయింట్లు అదనంగా సమర్పించుకున్నవే. నేను నాలుగుసార్లు చీలమండకు దూకితే నాలుగుసార్లూ చేతికి గాలే చిక్కింది. ప్రతిసారీ నేను అర క్షణం ముందే దూకుతున్నాను. మట్టి మీద ఆ అర క్షణాన్ని జారుడు భర్తీ చేసేది. నాలుగోసారి మోచేయి ఒరుసుకుపోయి చర్మం లేచింది. విరామంలో మా రైట్ కవర్ స్థానంలో ఆడే అమ్మాయి ఏడ్చింది. కెప్టెన్ ఆమె చేయి పట్టుకుని ఊరికే నిలబడింది, మందలించనూ లేదు, ఓదార్చనూ లేదు.

మధ్యాహ్నం సార్ మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి ఒకే ఒక్క మార్పు చెప్పారు. ఒంటరి పట్లు మానేయాలి, ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని గొలుసుగా కదలాలి, రైడర్‌ను వెంటాడకుండా కోర్టు పక్క అంచున ఉండే లాబీ వైపు నెట్టాలి. కార్నర్‌కు ఇది కష్టమైన మాట. నా ఆట అంతా ఒంటరి దూకుడే. అయినా రెండో మ్యాచ్‌లో పక్కనున్న లెఫ్ట్ ఇన్ చేయి విడవకుండా ఆడాను. ఆమె వేళ్ల బిగువును బట్టి రైడర్ ఎటు వస్తోందో నాకు తెలిసేది. కెప్టెన్ కూతలు మ్యాట్‌కు త్వరగా అలవాటు పడ్డాయి. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడల్లా బోనస్ గీత మీదికి కాలు చాచి ఒక్కొక్క పాయింటే తెచ్చింది. 30–26తో గెలిచి, పూల్‌లో రెండో స్థానంతో క్వార్టర్ ఫైనల్‌కు చేరాము.

సాయంత్రం మేడం మమ్మల్ని వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లారు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది; శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భగుళ్లు, నక్షత్రం ఆకారంలో కోణాలు తిరిగిన ఎత్తైన అరుగు, ఎదురుగా నల్లరాతి నంది. నునుపు చేసిన ఆ నంది మెడ మీద పడమటి వెలుగు పడి, గొలుసులో ఒక్కో మువ్వా విడివిడిగా కనిపించింది. మేము బూట్లు తీసేసి, ఉదయం నుంచి ఉడికిపోయిన పాదాలను ఆ చల్లని రాతి మీద ఆనించి చాలాసేపు కూర్చున్నాము.

కాకతీయుల కట్టడాల పునాది గురించి మేడం చెప్పిన విషయం నేను ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. నేలలో గొయ్యి తవ్వి, ఇసుకతో నింపి, దాని మీద ఇంత రాతి బరువును నిలబెట్టారట. భూమి కదిలినప్పుడు ఆ ఇసుక అదురును తనలోకి తీసుకుంటుందట. ఇక్కడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచారు. విన్నవాళ్లందరం అప్రయత్నంగా మా పాదాల కిందికి చూసుకున్నాము. ఎనిమిది వందల ఏళ్ల నాటి స్థపతులు మొదట ఆలోచించింది పైన చెక్కే లతల గురించి కాక కింద ఉండే ఇసుక గురించి అని తెలిసినప్పుడు, పొద్దున ఓడిన మ్యాచ్ నాకు కొంత అర్థమైనట్టు అనిపించింది.

రాత్రి మా గదిలోనే సగం పాలమూరు జిల్లా నుంచి వచ్చిన జట్టుకు ఇచ్చారు. మొదట రెండు గోడల వైపు రెండు జట్లుగా పడుకున్నవాళ్లం, వాళ్లు సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా తీసేసరికి మధ్యలోకి చేరిపోయాము. కాజా పొట్లం విప్పడానికి కెప్టెన్ కూడా అడ్డు చెప్పలేదు. నువ్వులూ వామూ తగిలే ఆ కరకర, పాకం కారే ఈ తీపి ఒకదాని వెంట ఒకటి తింటే ఎంత బాగుంటాయో, రెండు రాష్ట్రాల వాళ్లూ తప్పక చూడవలసిన సంగతి. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఫైనల్ ఎవరు ఎక్కడ చూశారో చెప్పుకున్నాము. చైనీస్ తైపీ మీద మన మహిళలు 26–25తో గెలిచిన ఆ స్వర్ణమే ఆ క్రీడల్లో భారత్‌కు నూరో పతకం. పాలమూరు అమ్మాయిలు దాన్ని హాస్టల్లో ఒకే ఫోను చుట్టూ చేరి చూశారట. మేము కూడా అంతే.

వాళ్ల లెఫ్ట్ కార్నర్ నాకంటే ఏడాది చిన్నది. నా మోచేతి కట్టు చూసి, బూటు అడిగి తీసుకుని, లేసు విప్పి, చీలమండ చుట్టూ ఒక చుట్టు తిప్పి కట్టే పద్ధతి చూపించింది. "మట్టిల నిలబడ్డట్టు నిలబడకు అక్కా. మడిమ జర లేపి ముందర వేళ్ల మీద ఉండు. దాని కాలు లేస్తదని దుంకకు, దిగినంక పట్టు" అంది. రెండు పరుపులు పక్కకు జరిపి, తన కాలినే రైడర్ కాలుగా పెట్టి, నేను పట్టేదాకా ఓపికగా ఇరవైసార్లు ఆడించింది. రేపు ఎదురుపడే అవకాశం ఉన్న జట్టుకు ఇదంతా ఎందుకు నేర్పుతున్నావని అడిగితే, తనకు కూడా పోయిన ఏడాది ఇట్లాంటి రాత్రే ఎవరో నేర్పారని చెప్పి దుప్పటి కప్పుకుంది.

ఆదివారం

క్వార్టర్ ఫైనల్ ఉదయం తొమ్మిదికి. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఎదుటి జట్టు కూడా మాలాగే మట్టి నుంచి వచ్చింది, వాళ్లకంటే మేము ఒక రోజు ముందు దెబ్బ తిన్నాము, 33–24తో గెలిచాము. నేను ముందు వేళ్ల మీద నిలబడి రెండు చీలమండలు పట్టాను. రెండూ కాలు దిగాకే.

సెమీ ఫైనల్‌లో ఎదురైంది పాలమూరు జట్టు.

మధ్య గీతకు అటూ ఇటూ నిలబడి చేతులు కలుపుకుంటున్నప్పుడు ఆ కార్నర్ అమ్మాయి నా లేసు వైపు చూసి తల ఊపింది. తరువాత ముప్పై నిమిషాలు ఆమె నా ముఖం చూడలేదు, నేనూ చూడలేదు. మొదటి అర్ధభాగంలో మేము రెండు పాయింట్లు వెనుక. రెండో దానిలో ఒక దశలో మా కోర్టులో ముగ్గురమే మిగిలాము. ఆ ముగ్గురం కలిసి వాళ్ల ప్రధాన రైడర్‌ను లాబీలోకి నెట్టి పట్టేసరికి సూపర్ ట్యాకిల్‌గా రెండు పాయింట్లు వచ్చాయి. లోనా తప్పింది. చివరి విజిల్‌కు స్కోరు 28–28.

సమమైనప్పుడు చెరో ఐదు కూతలు ఆడిస్తారు. అవుటైనవాళ్లు బయటికి వెళ్లరు, ప్రతి కూతకూ ఏడుగురూ కోర్టులోనే ఉంటారు, బాక్ గీతే బోనస్ గీత కూడా అవుతుంది. దాన్ని దాటితే రైడర్‌కు పాయింటు, తిరిగి వెళ్లకముందే పట్టేస్తే ఎదుటివారికి పాయింటు. వాళ్ల రెండో కూతలో రైడర్ మా రైట్ ఇన్ వైపు రెండు అడుగులు వేసి, హఠాత్తుగా నా మూలకు తిరిగి, కుడికాలిని గీతకు ఇవతలికి వేసింది. వెనుక కాలు ఇంకా గీతకు అవతల నేలమీదే ఉంది. ఆ కాలు లేవనంతవరకూ గీత దాటినట్టు కాదు. నేను దూకలేదు. దిగిన కుడి చీలమండను రెండు చేతులతో బిగించి, గడ్డం ఆమె పిక్కకు ఆనించి, కళ్లు మూసుకున్నాను. మా గొలుసు నా మీదుగా పడింది. ఆమె కూత "కబడ్డీ, కబడ్డీ" అని నా చెవి పక్కనే సన్నబడి ఆగిపోవడం విన్నాను. రాత్రి పరుపుల మధ్య నేర్చుకున్న పట్టు అదే.

చివరి కూతకు ముందు స్కోరు 6–7. కూత మాది, వెళ్లేది కెప్టెన్. ఆమె పది సెకన్లలోపే గీత దాటింది, 7–7. తిరిగి వచ్చేస్తే పోటీ ఇంకో కూతకు వెళుతుంది. కానీ కూతకు ఉన్న 30 సెకన్లలో ఇరవై మిగిలే ఉన్నాయి, ఎదుటి కవర్ పాదం ఒక చెయ్యి దూరంలో ఉంది. కెప్టెన్ దాని కోసం కాలు చాచింది. దిగిన ఆ కాలి చీలమండను పాలమూరు లెఫ్ట్ కార్నర్ పట్టింది, సరిగ్గా నాకు చూపించినట్టే. కెప్టెన్ మధ్య గీత కోసం చేయి చాచి, నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. 7–8.

ఆమె వెనక్కి వచ్చి ఉండాల్సిందని ఆ తరువాత ఇతర జట్ల వాళ్లు కొందరు అన్నారు. నేను అనను. ఆ పాదం నిజంగానే అందే దూరంలో ఉంది, మూడేళ్లుగా మా మట్టి మీద అటువంటి పాదాలను తాకి వచ్చే ఆమె మమ్మల్ని ఇంతవరకూ తెచ్చింది. మధ్య గీత దగ్గర బోర్లా పడి ఉన్న ఆమెను మొదట లేపింది ఆ కార్నర్ అమ్మాయే. లేపి, మోకాలికి అంటిన చెమటను తన జెర్సీతోనే తుడిచింది.

సెమీ ఫైనల్స్‌లో ఓడిన రెండు జట్లకూ మూడో స్థానం ధ్రువపత్రాలు ఇచ్చారు. ఫైనల్ చూసి, పాలమూరు జట్టు కోసం గొంతులు పోయేలా అరిచాము. హైదరాబాద్ జట్టే గెలిచింది. వాళ్ల కళాశాలలో ఏడాది పొడవునా మ్యాట్ పరిచే ఉంటుందని తెలిసింది. ఆట మ్యాట్ మీదికి వెళ్లడం నాకు అన్యాయంగా తోచదు. ఎండలోనూ వానలోనూ ఒకేలా ఉండే నేల, రాయి గుచ్చుకోని నేల ఏ ఆటకైనా మంచిదే. ఎంపికలు, క్రీడా కోటా సీట్లు, రైల్వే, పోలీసు ఉద్యోగాలు తెచ్చే పోటీలన్నీ ఆ నేల మీద జరుగుతున్నప్పుడు, ఆ నేలను మొదటిసారి పోటీ నాటి ఉదయమే తాకే ఆడపిల్లలు ఇంకా వందల కళాశాలల్లో ఉండటమే నన్ను బాధించే సంగతి.

రైలుకు వ్యవధి ఉండటంతో వరంగల్ కోట చూశాము. నాలుగు దిక్కుల్లో నిలిచిన కీర్తి తోరణాల మధ్య విరిగిన శిల్పాలు ఎండలో పడుకుని ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో చూసిన తోరణాన్ని నిజంగా తలెత్తి చూస్తే ఎంత పెద్దదో తెలిసింది. ఫొటోలు తీసుకున్నామే కానీ మా మనసులు ఇంకా ఆ నాలుగు వేళ్ల దూరం దగ్గరే ఉన్నాయి. రాత్రి ఏడు దాటాక తిరుగు గోదావరి ఎక్కాము. రైలులో అందరం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాము. గోదావరి ఎప్పుడు దాటామో ఎవరికీ తెలియదు.

సోమవారం

తెల్లవారుజామున సామర్లకోటలో నాన్న మోటారు సైకిలు పక్కన మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నారు. స్కోరు అడగలేదు, మోచేయి చూశారు. దారిలో, పొలాల మధ్య మంచు కమ్మిన చోట, ఆఖరి కూత సంగతి నేనే చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "మీ కెప్టెన్ కాలు చాపిందంటే, అందుద్దని దానికి తెలుసు" అన్నారు.

తొమ్మిదిన్నర తరగతికి పన్నెండు మందిమీ హాజరయ్యాము. సాయంత్రం పి.డి. సార్ తొమ్మిది జతల బూట్లను తుడిచి, ఎవరివి వారికి అప్పగించడానికి సంచిలో సర్దుతుంటే, మేడం ప్రిన్సిపాల్‌కు ఇవ్వవలసిన దరఖాస్తును దిద్ది తెచ్చారు. పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. మీటరు పలకలైతే 96 కావాలి. ఒకేసారి కొనలేకపోతే ఈ ఏడాది సగం కోర్టుకైనా, అంటే 48 పలకలకైనా నిధులు మంజూరు చేయాలని రాసి, వాటిని పరచడానికి ఇండోర్ గది లేకపోతే సైకిళ్ల షెడ్డులో సగం ఇవ్వాలని కూడా చేర్చాము. కెప్టెన్ మొదట సంతకం చేసింది. అనుమతి దొరకక ఆగిపోయిన మా పాత రైట్ కార్నర్‌ను కూడా పిలిచాము. పదమూడో సంతకం ఆమెది.

తరువాత బిందెలు తీసుకుని కోర్టుకు నీళ్లు చల్లడానికి వెళ్లాము. తడి మట్టి మీద నా మూలలో నిలబడి, చెప్పులు విడిచి, మడమ కొంచెం లేపి చూసుకున్నాను. మా కొత్త రైట్ కార్నర్ ఎదుట నిలబడి, తన కాలిని రైడర్ కాలుగా ముందుకు పెట్టింది.